రెండు తొట్ల వంటిల్లు
(కైకలూరు మహిళా సమావేశంలో ప్రసంగ పాఠం)



వంటిల్లు తిరగకట్టడం గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు. మాదిగవాడ కుటుంబాలు, 1991లో ప్రార్థనామందిరం పెట్టుకున్నారు. మాదిగలను ఊరు దూరంపెట్టడానికి చెప్పే సాకుల్లో గొడ్డుమాంసం ఒకటి. యూదుల కోషర్ నియమంలో ఆవు తినదగినదే! అయితే కోయడానికో పద్ధతుంది. నెత్తురు కూడదు, మాంసానికి ఉప్పు పట్టించి కడగాలి. మాంసం, పాలు కలవకూడదు కనుక గిన్నెలు, గరిటెలు, అంట్ల తొట్లు రెండేసి. చేపకు పొలుసు, రెక్క ఉండాలి. మన కొల్లేటి బొచ్చె, శీలావతి, కొరమేను పనికొస్తాయి. వాలుగ, రొయ్య పనికిరావు.

ఇవన్నీ గుర్తుపెట్టుకుని రోజూ చేసేదెవరు? ఇంటావిడే. మరి ప్లాను గీసేటప్పుడు ఆవిణ్ణి అడుగుతున్నారా? రెండు తొట్లంటే రెండు కుళాయిలు, రెండు అలమరలు, ఎక్కువ నీళ్ళు. జాగా లేకపోతే ఒకే తొట్టిలో రెండు విడి టబ్బులు వాడుకోవచ్చు. నీళ్ళు మాత్రం ఎవరో ఒకరు మోయాలి. మంచినీళ్ళు డబ్బాల్లో కొనుక్కునే కొల్లేటి ఊళ్ళలో ఈ బరువు మీకు నేను చెప్పాలా?

ఏ మతం ఇల్లయినా సరే, మేస్త్రీ గట్టు కొలత తీసేటప్పుడు వండే మనిషిని అక్కడ నిలబెట్టండి. కుళాయి ఎక్కడుండాలో ఆవిడే చెప్పాలి. ఇంటి పట్టా ఎవరి పేరనుందో కూడా ఆరోజే అడగండి.