పాత విదేశీ వేగపు కారు: కొనుట, పోషించుట, అమ్ముట

సుచిత్ర కూడలి నుండి కొంపల్లి మీదుగా మేడ్చలు వైపు సాగు 44వ జాతీయ రహదారిపై ఎప్పుడైనను ఒక ఫెరారీయో పోర్షాయో గర్జించుచు దూసుకుపోయినచో, క్రొత్తది కొనలేకున్నను పాతదైనను ఒకటి సంపాదింపవలెనని ఉవ్విళ్లూరువారు మనలో లేకపోలేదు.

పాతబడినకొలది కారు వెల తగ్గునుగాని పోషణవ్యయము తగ్గదు. 1990వ దశకపు ఫెరారీ ఎఫ్355లో టైమింగు బెల్టు మార్చవలెనన్నచో ఇంజనునే దింపవలసి యుండును. ఉపేక్షించినందున ఆ బెల్టు తెగెనా, వాల్వులు పిస్టనులకు తగిలి ఇంజనుకే ముప్పు వాటిల్లును. తక్కువ తిరిగిన బండియని మురిసిపోరాదు. కదలక నిలిచిన బండికి టైర్లు గట్టిపడును, బ్రేకు ఆయిలు తేమను పీల్చుకొనును, బ్యాటరీ నీరసించును. టైరు ప్రక్కన ముద్రితమైన నాలుగంకెలను పరికింపుడు: 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరమున 23వ వారమందు తయారైనదని గ్రహింపనగును.

ఇక విక్రయము. యాజమాన్యపు బదిలీకి వలయు 29, 30 ఫారములపై సంతకములు పూర్తిచేసి, 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి, రాష్ట్రములోపలి అమ్మకమైనచో 14 దినములలో రవాణాశాఖకు తెలియజేయవలెను. రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే యజమానియనియు, బండి చేతులు మారినను ప్రమాదపరిహారబాధ్యత వారిదేయనియు సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కావున తాళములు అప్పగించినంతమాత్రమున నిశ్చింతగా నుండక, పేరు మారువరకు వెంటబడి కనుక్కొనుడు.