సాయిబులంతా ఒక్కటేనా?

(జహీరాబాదులో చేసిన ప్రసంగ పాఠం)



"తుర్కోళ్లంతా ఒక్కటే" అంటారు. మనల్ని ముక్కలు ముక్కలు చేసినోళ్లే ఈ మాట ప్రచారం చేస్తున్నారు.

ప్రవక్త మహమ్మదు 632లో చనిపోయాక పెద్దరికం ఎవరిదన్న తగాదా వచ్చింది. అబూబకరును ఒప్పుకున్నవాళ్లు సున్నీలు, అల్లుడు అలీదే హక్కన్నవాళ్లు షియాలు. సున్నీలల్లో మళ్లా దర్గాకు పోయే బరేల్వీలున్నారు, దర్గా మొక్కులు కూడదనే దేవబందీలు, అహ్లె హదీసులున్నారు. 680లో ప్రవక్త మనుమడు హుసేను కర్బలాలో యజీదు సైన్యంతో పోరాడి ప్రాణమిచ్చాడు. మనూళ్ల పీరీలు ఆ జ్ఞాపకమే. గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు, తర్వాతి నిజాములు సున్నీలు. రాజులు మారినా పీరీలు నిలిచినయి. మాల మాదిగలు, చాకలి మంగళ్లు దట్టీలు కట్టి, మలీద పంచి, అలాయి చుట్టూ ఎగిరినందుకే నిలిచినయి. గుడి గడప తొక్కనియ్యని ఊళ్లల్లో మనం పీరీల చావిడి కాడికి పోయినం.

తొలి అజాన్ ఇచ్చిన బిలాల్ నల్ల బానిస. అంతటి మతానికి కూడా ఈ దేశంలో కులం అంటింది. సయ్యదు, పఠాను పైన. దూదేకుల, ధోబీ, హజాం, ఫకీరు కింద. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా హిందువులకే అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. పాకీపని చేసే ముస్లిముకు ఇప్పటికీ లేదు.

నమాజు చేసే ముసలమ్మది భక్తి. మతం పేరు చెప్పి ఇంకొకరి నోరు మూయించేది ఛాందసం. 1948 ఆగస్టులో రజాకార్లు చంపిన షోయబుల్లా ఖాన్ ఎవరు? 'ఇమ్రోజ్' సంపాదకుడు, ముస్లిమే. విసునూరు దేశ్‌ముఖు భూమి కోసం చంపించిన షేక్ బందగీ పేద ముస్లిమే, చంపించింది హిందూ దొర. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. రజ్వీ జైలుకు పోయి, 1957లో విడుదలై పాకిస్తాన్ చేరిండు. ఆయన పాపానికి మన పక్కనున్న బీదరు జిల్లాలో ఏ పాపం ఎరగని సాయిబులు ఊచకోతకు గురైనారు. సుందర్‌లాల్ కమిటీ ఆ సంగతి రాస్తే ప్రభుత్వం ఏండ్లకేండ్లు బయటపెట్టలేదు.

ఇయ్యాల ఒకాయనొచ్చి పీరీలు ఇస్లాం కాదంటడు. ఇంకొకాయనొచ్చి హిందువుకు పీరీలేంది అంటడు. మాదిగోడు, సాయిబు ఒక్క గుండం చుట్టూ తిరుగుడు ఇద్దరికీ పడదు. ఇద్దరిలో ఎవరన్నా మన కూలి రేటు గురించి నోరిప్పిండా?

వచ్చే మొహర్రానికి చావిడికి సున్నం ఎవరేస్తరో, గుండం ఎవరు తవ్వుతరో సాయిబులతోని కూసొని ముందే మాట్లాడుదాం. డప్పు మనమే కొడదాం. కాని కూలి మాట్లాడుకున్నంకనే కొడదాం.