పటంలో మన బస్తీ ఏ రంగు?

(నగరాల్లో ఆరోగ్యం, పర్యావరణం అంశంపై మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నగరాల్లో గాలి, నీరు, మురుగు, వాటివల్ల వచ్చే జబ్బులు - వీటి లెక్కల్ని పటాలమీద, గ్రాఫులమీద ఎలా చూడాలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఇది ఇంజనీర్ల వ్యవహారం కదా, దీంతో మహిళా సంఘాలకేం పని అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. నేను ప్రజారోగ్య రంగంలో గణాంకాలతో పనిచేసే మనిషిని. పదిమంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఆఫీసుకెళ్ళి "నీళ్ళు మురుగు వాసన వస్తున్నాయి" అంటే దాన్ని గొడవ అంటారు. అదే విషయాన్ని రంగుల పటంగా గోడకు తగిలిస్తే సమాచారం అంటారు. కుర్చీ వేసి కూర్చోబెడతారు కూడా. ఈ తేడాని మనం ఎలా వాడుకోవాలి, దానివల్ల ఎక్కడ మోసపోయే ప్రమాదముంది అన్నదే ఈరోజు నేను చెప్పదలచుకున్నది.

బ్రాడ్ స్ట్రీట్ పంపు

ఈ విద్యకు మొదటి ఉదాహరణగా అందరూ చెప్పేది లండన్ కలరా పటం. 1854 ఆగస్టు చివర సోహో ప్రాంతంలో కలరా చెలరేగింది. కొద్ది వారాల్లో ఆరువందలమందికి పైగా చనిపోయారు. చెడుగాలి వల్లే కలరా వస్తుందని అప్పటి పెద్దలంతా నమ్మేవారు. జాన్ స్నో అనే డాక్టరు ఇంటింటికీ తిరిగి చనిపోయినవారు ఏ నీళ్ళు తాగారో అడిగాడు. బ్రాడ్ స్ట్రీట్ పంపుమీద అనుమానం వచ్చి అధికారులకు చెబితే సెప్టెంబరు 8న దాని పిడి ఊడదీశారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టింది కూడా. 1855లో అచ్చువేసిన పటంలో ఒక్కో చావుకు ఒక్కో నల్లగీత చొప్పున ఆయా ఇళ్ళ దగ్గర పేర్చాడు. గీతలన్నీ పంపు చుట్టూ గుమిగూడాయి.

మనం గమనించాల్సింది ఆ గుంపుకు లొంగని చోట్లు. పంపుకు దగ్గర్లోనే సుమారు 535 మంది ఉండే బీదల వసతిగృహం ఒకటుంది. అక్కడ కలరాతో చనిపోయింది అయిదుగురే. వాళ్ళకు సొంత బావి ఉంది. దూరాన హాంప్‌స్టెడ్‌లో ఒక వృద్ధురాలు చనిపోయింది. ఆమె కొడుకుని విచారిస్తే, ఆ నీటి రుచి ఇష్టమై రోజూ బ్రాడ్ స్ట్రీట్ నుంచి తెప్పించుకునేదని తెలిసింది.

ఇంతా చేసి, పంపులోకి జబ్బు ఎలా వచ్చిందో పటం చెప్పలేకపోయింది. ఆ తర్వాత హెన్రీ వైట్‌హెడ్ అనే మతాచార్యుడు పంపు పక్కింట్లో పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లితో మాట్లాడాడు. విరేచనాలైన బిడ్డ గుడ్డలు జాడించిన నీళ్ళు ఇంటి ముందున్న మురుగుగుంటలో పోశానని ఆమె చెప్పింది. తవ్వి చూస్తే ఆ గుంట బావికి మూడడుగులు కూడా దూరం లేదు. గోడలు శిథిలమై మురుగు బావిలోకి ఊరుతోంది. జబ్బు ఎక్కడుందో గీతలు చెప్పాయి. ఎలా వచ్చిందో చెప్పింది ఆ తల్లి. చరిత్ర పుస్తకాల్లో డాక్టరు పేరే మిగిలింది.

షికాగోలో ఆడవాళ్ళు గీసిన పటాలు

రెండో ఉదాహరణ మనకు ఇంకా దగ్గరది. 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్త్రీలు షికాగోలోని పేద వలసకార్మికుల పేటలో హల్ హౌస్ అనే సేవాకేంద్రం మొదలుపెట్టారు. కార్మిక హక్కులకోసం పనిచేసిన ఫ్లోరెన్స్ కెల్లీ, ఆమె సహచరులు చదరపు మైలులో మూడోవంతు మేర ఇంటింటి వివరాలు తీసి, ఏ ఇంట్లో వారానికి ఎంత కూలి వస్తుందో, ఎవరు ఏ దేశంనుంచి వచ్చారో రంగుల్లో వేసి 1895లో పుస్తకంగా అచ్చువేశారు.

1902లో ఆ పేటలో టైఫాయిడ్ వచ్చింది. ఆ వార్డు జనాభా నగరంలో 36వ వంతు. టైఫాయిడ్ చావుల్లో ఆరోవంతు అక్కడే. హల్ హౌస్‌లో ఉండే డాక్టర్ ఆలిస్ హామిల్టన్, ఆమె తోటివాళ్ళు జబ్బుపడిన ఇళ్ళనూ, ఇళ్ళలో మరుగుదొడ్లు ఎలా ఉన్నాయన్నదాన్నీ పోల్చి చూశారు. మురుగు పారుదల సరిగా లేనిచోట జబ్బు ఎక్కువని తేలింది. ఈగలే కారణమని హామిల్టన్ వ్యాసం రాసింది. పెద్ద దుమారం లేచింది, ఆరోగ్యశాఖలో కొందరి ఉద్యోగాలు పోయాయి.

అసలు సంగతి ఆమెకు తరువాత తెలిసింది. నీటి సరఫరా కేంద్రంలో గొట్టం పగిలి, మూడురోజులపాటు ఆ పేట కుళాయిల్లోకి మురుగు కలిసిన నీళ్ళు వచ్చాయి. అధికారులు ఆ సంగతి కప్పిపుచ్చారు. దశాబ్దాల తర్వాత ఆత్మకథలో ఆమే ఇది రాసింది. ఆమె నిజాయితీలో, శ్రమలో లోపం లేదు. కానీ పగిలిన గొట్టం రికార్డు ఒకరి బీరువాలో ఉండిపోయింది. సమాచారం అడిగే హక్కు లేనిచోట ఎంత శ్రద్ధగా గీసిన పటమైనా వేలు తప్పు దిక్కుకే చూపించవచ్చు.

ఈ రంగులు ఎవరు నిర్ణయించారు?

ఇక మన దగ్గరికి వద్దాం. 2015నుంచి మన దేశంలో గాలి నాణ్యతను రంగుల్లో చూపిస్తున్నారు. ముదురాకుపచ్చ నుంచి మెరూన్ దాకా ఆరు మెట్లు. చూడగానే అర్థమవుతుంది, మంచిదే. ఆ గీతలు ఎక్కడ గీశారో మాత్రం చూడండి. ఊపిరితిత్తుల లోతుకు చొచ్చుకుపోయే సన్నటి ధూళిని పిఎం 2.5 అంటారు. ఘనపు మీటరు గాలిలో ఇది ఇరవైనాలుగు గంటల సగటున 31 నుంచి 60 మైక్రోగ్రాములుంటే లేత ఆకుపచ్చ వేసి "సంతృప్తికరం" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 15. అంటే దానికి మూడింతలున్న రోజున కూడా మన పటం పచ్చగానే ఉంటుంది. గాలి మారనక్కర్లేదు, గీత జరిపితే రంగు మారుతుంది. ఆ గీత గీయడం సైన్సు మాత్రమే కాదు, రాజకీయ నిర్ణయం కూడా.

రెండో ప్రశ్న, యంత్రం ఎక్కడుంది? హైదరాబాదులో సనత్‌నగర్, జూపార్కు, పటాన్‌చెరు, బొల్లారం వంటి కొన్నిచోట్ల గాలిని కొలిచే కేంద్రాలున్నాయి. ఒక కేంద్రానికీ ఇంకో కేంద్రానికీ మధ్య పటంలో కనిపించే రంగు ఎవరూ కొలిచింది కాదు, లెక్కకట్టి వేసింది. తెల్లవారుజామున చలిలో ధూళి నేలకు దగ్గరగా నిలిచిపోయే వేళ రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలి ముక్కు దగ్గర ఏ యంత్రమూ లేదు. కిటికీలేని గదిలో కట్టెలపొయ్యి ముందు కూర్చునే మనిషి దగ్గరా లేదు. రోజంతటి సగటులో ఆమె పీల్చిన రెండు గంటల దుమ్ము కరిగిపోతుంది.

మూడో ప్రశ్న, జబ్బుల లెక్క ఎక్కడినుంచి వచ్చింది? ప్రభుత్వాసుపత్రి రిజిస్టరునుంచి. మన బస్తీ స్త్రీలు విరేచనాలకు, జ్వరానికి ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళతారు. కూలి పోతుందని అసలు ఎక్కడికీ వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళెవరూ లెక్కలోకి రారు కాబట్టి ఆ బస్తీ పటంలో తెల్లగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. వార్డు మొత్తానికి ఒకే రంగు వేస్తే ఇంకా అన్యాయం. అదే వార్డులో నీళ్ళు శుద్ధిచేసుకునే అపార్టుమెంట్లుంటాయి, నాలా పక్క గుడిసెలుంటాయి. రెండూ కలిపితే "మధ్యస్థం" అని వస్తుంది. మధ్యస్థంగా బతికేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు.

అందుకే ఏ పటం చూసినా మొదట అడగండి: కొలవని చోటుకు ఏ రంగు వేశారు? లెక్కలేదు అనడం వేరు, జబ్బులేదు అనడం వేరు. ఈ రెండింటికీ ఒకే రంగు వేసిన పటాన్ని ఒప్పుకోవద్దు.

మనమే గీద్దాం

2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీళ్ళు తాగి వందలమంది జబ్బుపడ్డారు, ప్రాణాలు పోయాయి. ఇలాంటివి ఒక్కరాత్రిలో పుట్టవు. నీళ్ళు రోజుకు కాసేపే, లేదా రోజువిడిచి రోజు వదులుతారు. మిగతా సమయంలో గొట్టం ఖాళీ. పక్కనే మురుగుకాలువ. గొట్టానికి చిల్లుంటే వెలితి ఏర్పడి మురుగును లోపలికి లాక్కుంటుంది. మళ్ళీ నీళ్ళు వదలగానే మొదటి బిందెలో అదే వస్తుంది. ఆ మొదటి బిందె పట్టే మనిషికి రంగు, వాసన, రోజు, గంట అన్నీ తెలుసు. అది రాసి పెట్టేవాళ్ళు లేరంతే.

పల్లెల్లో పనిచేసినవాళ్ళకు నేలమీద ముగ్గుపిండితో ఊరి పటం గీయించడం కొత్తకాదు. బస్తీలోనూ అదే చెయ్యండి, తర్వాత చార్టుమీదికి ఎక్కించండి. కుళాయిలు, మరుగుదొడ్లు, నాలా, చెత్త వేసేచోటు, ఫ్యాక్టరీ గొట్టం, అంగన్‌వాడీ - అన్నీ రావాలి. బొట్టుబిళ్ళలు పనికొస్తాయి. విరేచనాలకు ఎర్రవి, జ్వరానికి పచ్చవి, దగ్గు ఆయాసానికి నల్లవి. పక్కన ఒక కేలండరు పెట్టండి. నీళ్ళు వచ్చిన రోజు, వాసన వచ్చిన రోజు, జబ్బుపడిన రోజు ఒకే కాగితంమీద ఉండాలి. కలరా కొన్ని గంటలనుంచి అయిదురోజుల్లో బయటపడుతుంది. టైఫాయిడ్‌కు ఒకటినుంచి మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఈరోజు టైఫాయిడ్‌కు కారణం కిందటి నెల పేజీలో వెతకాల్సి రావచ్చు.

బిళ్ళలు లెక్కపెట్టి ఊరుకోవద్దు, ఇళ్ళతో భాగించండి. నాలుగువందల ఇళ్ళ గల్లీలో ఇరవై కేసులంటే నూటికి అయిదు. యాభై ఇళ్ళ గల్లీలో పది కేసులంటే నూటికి ఇరవై. బిళ్ళలు తక్కువున్న గల్లీయే ఎక్కువ ప్రమాదంలో ఉంది.

నీటిపరీక్ష కూడా మన చేతిలో పనే. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఇది రంగును బట్టి చూసే చిన్న పరికరంతో నిమిషాల్లో తెలుస్తుంది. క్రిములను పట్టే పరీక్ష సీసాలు దొరుకుతాయి. నీళ్ళు పోసి ఒకటి రెండురోజులు ఉంచాక నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. ఆ సీసాను ఆఫీసరు బల్లమీద పెట్టండి, పక్కన తేదీ, గల్లీ పేరు రాసి.

ఆలిస్ హామిల్టన్‌కు లేని ఆయుధం మనకుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద ముప్పైరోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. కాగితాలే కాదు, పనులను తనిఖీ చేసే హక్కు, నమూనాలు తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. గొట్టాల మరమ్మతు రిజిస్టరు, క్లోరిన్ పరీక్షల రిజిస్టరు అడగండి. మన కేలండరు పక్కన పెట్టి చూడండి. కాలుష్యంలేని గాలి, నీరు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అందుచేత మనం వెళ్ళేది దయ అడగడానికి కాదు.

రెండు హెచ్చరికలు

మొదటిది, గోప్యత. గర్భస్రావం, క్షయ, తెల్లబట్ట వంటివి ఏ ఇంటిమీదా గుర్తు పెట్టొద్దు. గల్లీ మొత్తానికి అంకె రాస్తే చాలు. మన పటం ఒక ఆడపిల్ల పెళ్ళికో, ఒక అద్దెకున్న కుటుంబానికో అడ్డం కాకూడదు.

రెండోది ఇంకా పెద్దది. మురికివాడ అని గుర్తించడం, కూల్చివేతకు మొదటిమెట్టు కావడం ఈ నగరానికి కొత్తకాదు. 2024 సెప్టెంబరులో మూసీ గర్భంలోని ఇళ్ళ గోడలమీద ఎర్రరంగుతో "ఆర్‌బి-ఎక్స్" అని రాశారు. చాదర్‌ఘాట్ వైపు బస్తీల్లో ఆడవాళ్ళు ఆ అక్షరాల ముందు నిలబడి ఏడ్చారు, కొట్లాడారు. ఆ గుర్తూ సర్వే నుంచి వచ్చిందే. నది బాగుపడాలని మనమూ కోరుకుంటున్నాం. కానీ మురుగు వస్తున్న గొట్టాలు గీయకుండా మురుగు మధ్యనున్న ఇళ్ళు మాత్రమే గీస్తే, ఇళ్ళే నేరస్తులవుతాయి. కాబట్టి మనం గీసే ప్రతి పటంలో మురుగు ఎక్కడ పుట్టిందో, ఎవరి ఫ్యాక్టరీనుంచి, ఏ కాలనీనుంచి వస్తోందో ఉండాలి. బస్తీ ఎన్నేళ్ళనుంచి ఉందో, కరెంటు బిల్లు, రేషన్‌కార్డు ఏ సంవత్సరంవో ఉండాలి. పటం ఎవరికివ్వాలో బస్తీ స్త్రీలే కూర్చుని తేల్చాలి. అసలు ప్రతి వాళ్ళ దగ్గరుండాలి, మన ఆఫీసుకు నకలు చాలు.

వచ్చే వానాకాలానికి ముందు ఒక్కో సంఘం ఒక్కో బస్తీ తీసుకుంటే మూడునెలల లెక్క చేతికొస్తుంది. ఏ బస్తీ ఎవరు తీసుకుంటారో, కుళాయి పుస్తకం ఎవరు రాస్తారో భోజనాల తర్వాత గుంపులుగా కూర్చుని పేర్లు రాసుకుందాం. సందేహాలుంటే ఇప్పుడే అడగండి.