ఆది మారిన ఒంటికి హాఫ్ కోటు

(మన విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చిరాగ్‌పల్లి సభ్యురాలు, విశ్రాంత క్రాఫ్ట్ టీచరు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు డీఏ బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి చెప్పారు. నన్ను కుట్టు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కుట్టు సంగతి మనకెందుకని వెనుక వరుసలోని సోదరులు టీకి లేచి వెళ్లవద్దని మనవి. చలి ఆడవారికీ మగవారికీ ఒకటే. చలికాలం వచ్చిందంటే మన కోహిర్ పేరు పత్రికల్లో చూస్తూనే ఉంటాం. కర్ణాటక సరిహద్దు అంచున ఉన్న మా చిరాగ్‌పల్లిలోనూ తెల్లవారుజామున బయటికి రావాలంటే వణుకే. చేతుల్లేని కోటు ఒకటి ఉంటే ఛాతీకి, వీపుకు వెచ్చగా ఉంటుంది, పని చేసుకోవడానికి చేతులకు అడ్డం రాదు. అందుకే ఈ వయసులో స్వెటరు కంటే హాఫ్ కోటే మేలని నా అభిప్రాయం.

అయితే రెడీమేడుగా కొన్నది మనలో ఎందరికి కుదిరింది? పిల్లలు ప్రేమతో డిజైనర్ కోటు అని తెస్తారు. గుండీలు పెడితే పొట్ట దగ్గర లాగుతుంది. వెనుక ఎగిరి నడుము కనబడుతుంది. ముందేమో మెడ దగ్గర ముడతలు. తప్పు మన ఒంటిది అనుకుని దాన్ని బీరువాలో పెట్టేస్తాం. తప్పు ఒంటిది కాదు, కొలతది.

మన దర్జీలు కొలత తీసుకునే ముందు అడిగేది ‘ఆది జాకెట్టు’. బాగా కుదిరిన పాత జాకెట్టు ఇస్తే, దాన్ని పరచి కొత్తది కత్తిరిస్తారు. ఎంతో తెలివైన పద్ధతి. టైలరింగ్ లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలకు మేం నేర్చుకున్న లెక్కలన్నీ ఒక ఎత్తు, మంచి ఆది ఒక ఎత్తు. కానీ ఆదిలో ఉండేది అది కుట్టించుకున్న నాటి ఒళ్లు. నలభై ఏళ్ల నాటి ఆదితో డెబ్బై ఏళ్ల మనిషికి కోటు రాదు.

విదేశాల్లో ఆదికి బదులు కాగితం వాడతారు. 1863లో అమెరికాలో ఎబెనీజర్ బట్టెరిక్ అనే దర్జీ వేర్వేరు సైజుల్లో కాగితపు ప్యాటర్న్‌లు అమ్మకానికి పెట్టాడు. తరువాతి కాలంలో పెద్ద డిజైనర్ల దుస్తుల నమూనాలు కూడా ఇంట్లో కుట్టుకునేవారి చేతికి వచ్చాయి. మా మనవరాలు అమెరికా నుంచి అటువంటి ప్యాటర్న్ ఒకటి పంపింది. డిజైనర్ ఫక్కీలో, ఒంటికి అతుక్కున్నట్టుండే హాఫ్ కోటు. భుజం నుంచి ఛాతీ మీదుగా నడుము దాకా దిగే ప్రిన్సెస్ కట్. 14 సైజు. కవరు వెనుక చూస్తే ఛాతీ 36, నడుము 28, హిప్పు 38 అంగుళాలని ఉంది. ఈ సభలో 28 అంగుళాల నడుము ఎవరిదైనా ఉంటే దయచేసి చేయి ఎత్తండి. (నవ్వులు)

ఆ ప్యాటర్న్ ఎవరికి కుట్టానో చెప్పడానికి ఆవిడ అనుమతి తీసుకున్నాను. పేరు మాత్రం వద్దంది. నాతో పాటు పనిచేసిన టీచరే. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఒక వైపు తీసేశారు. చికిత్స బాగా జరిగింది, తిరుగుతోంది, తింటోంది. మన సమావేశాలకు మాత్రం రావడం మానేసింది. ఎంత పిలిచినా, “అక్కా, వచ్చినవాళ్లు నా ముఖం చూడరు, పైట వైపు చూస్తారు” అంటుంది. దానికి జవాబు నా దగ్గర లేదు. మిషను ఉంది. కవరు మీది బొమ్మ చూపించి, “ఇది నీకు కుడతాను, కొలతకు నిలబడు” అన్నాను.

ఆవిడ ఛాతీ 36, నడుము 35. అంటే నడుముకు 7 అంగుళాలు చాలవు. ఈ కోటుకు నిలువు కుట్లు ఏడు. ముందు రెండు, పక్కలకు రెండు, వెనుక రెండు, వెనుక మధ్యన ఒకటి. ఏడింటికీ తలా ఒక అంగుళం పంచితే లెక్క సరిపోతుంది, కోటు సరిపోదు. వయసు వచ్చాక పొట్ట ముందుకు, పక్కలకు పెరుగుతుంది గాని వెన్నెముక మీద కాదు కదా! అందుకని ముందు కుట్లు రెండింటికి, పక్క కుట్లు రెండింటికి ఒక్కొక్క దానికి ఒకటిన్నర అంగుళం చొప్పున ఆరు, వెనుక రెండింటికి అర చొప్పున ఒకటి. మధ్య కుట్టును నడుము దగ్గర కదపలేదు. కుట్టుకు రెండు అంచులుంటాయి కనుక ఒకటిన్నర అంటే ఒక్కో అంచుకు ముప్పావు.

రెండోది వీపు. మెడ వెనుక ఎముక నుంచి నడుముకు కట్టిన నాడా వరకు టేపు పెట్టండి. వీపు వంగినవారికి వెనుక కొలత ప్యాటర్న్ కంటే పెరుగుతుంది, ముందు కొలత తగ్గుతుంది. ఆవిడకు వెనుక ముప్పావు అంగుళం ఎక్కువ, ముందు అర అంగుళం తక్కువ. రెక్క ఎముకల ఎత్తున కాగితాన్ని వీపు మధ్య నుంచి చంక వైపు కత్తిరించాను. చంక అంచు మాత్రం తెగనివ్వలేదు. మధ్యన ముప్పావు అంగుళం తెరిచి కింద వేరే కాగితం అంటించాను. వీపు గీత వంపు తిరుగుతుంది, మధ్య కుట్టు అక్కరకొచ్చేది ఇక్కడే. ముందు భాగంలో ఛాతీ పైన అర అంగుళం మడత పెట్టి చంక దగ్గరికి సున్నా చేశాను. కోటు వెనుక ఎగరడం దీనితో పోతుంది. సోదరుల నెహ్రూ జాకెట్టుకూ ఇదే మందు.

మూడోది అసలైనది. ప్యాటర్న్ బట్టను రెండు మడతలుగా వేసి కత్తిరించమంటుంది, కుడి ఎడమలు ఒకటే అని దాని నమ్మకం. ఆవిడకు ఒకటి కాదు. కుడి కాగితం వేరు, ఎడమ కాగితం వేరు గీసి, ఒక్క పొర మీదే కత్తిరించాను. ముందుగా కోరా గుడ్డతో కచ్చా కుట్లు వేసి తొడిగాను. చదునుగా ఉన్న వైపు వదులుగా నిలిచిన గుడ్డను ప్రిన్సెస్ కుట్టులోకే తీసుకున్నాను. ఆపరేషన్ అయిన వైపు చేతికి వాపు రావచ్చు, సూది గుచ్చుకోకుండా చూసుకోమని డాక్టర్లు చెబుతారు. కాబట్టి ట్రయల్‌లో ఆ వైపు గుండుసూదులు పెట్టలేదు. చాక్‌తో గీత గీసి, విప్పిన తరువాత కుట్టాను. చంక అర అంగుళం దించాను. అస్తర్‌కు మెత్తటి నూలు బట్ట వేసి, మచ్చకు తగలకుండా అతుకులన్నీ లోపలికి తిప్పాను. అస్తర్ లోపలే ఒక సంచి కుట్టాను. కావాలంటే అందులో మెత్త పెట్టుకోవచ్చు, వద్దంటే లేదు. అది ఆవిడ ఇష్టం.

కోరా గుడ్డ ట్రయల్ దండగ అనేవారున్నారు. మంచి బట్ట పాడైతే ఎంత దండగో వారే లెక్క వేసుకోవాలి. ట్రయల్‌లో నిలబడి చూసుకుంటే చాలదు. కుర్చీలో కూర్చోవాలి, చేయి పైకెత్తాలి, వంగి చెప్పులు తొడుక్కోవాలి. మన రోజులో ఎక్కువ భాగం కూర్చునే గడుస్తుంది. ఒంటికి అతుక్కోవడం అన్నా ఊపిరికి చోటుండాలి, ఛాతీ దగ్గర రెండు మూడు అంగుళాలు వదులు ఉండాల్సిందే. జాకెట్టు, చీర మీదనే కొలత తీసుకోవాలి. ఇంకొక మాట, అమెరికా ప్యాటర్న్‌లలో కుట్టు మార్జిన్ మామూలుగా అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులే. పక్క కుట్లకు నేను అంగుళం వదిలాను. ఒళ్లు ఇంకా మారుతుంది, విప్పి వదులు చేసుకునే వీలుండాలి.

బట్ట పోచంపల్లి కావాలంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని అందం చెప్పనక్కరలేదు. కానీ ఏడు కుట్లలో ఆ డిజైను ముక్కలై పోతుంది. కాబట్టి కోటుకు మెరూన్ రంగు సాదా చేనేత, జేబు మూతలకు మాత్రం పోచంపల్లి. చేనేత బట్టను నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుతోనే కోటు మనవరాలికి సరిపోతుంది. ముందు అంచుకు పలుచని బక్రం చాలు. గుండీలు ముప్పావు అంగుళానివి, కాజాలు అడ్డంగా. వేళ్ల నొప్పులున్నవారికి చిన్న గుండీలు పెట్టి హింసించవద్దని టైలర్లకు చెప్పండి.

ఆవిడ ఆ కోటు వేసుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడింది. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను. “అక్కా, ఎడమ జేబు కొంచెం కిందికుంది” అంది. మళ్లీ టీచరు అయిపోయింది! కొలిచి చూస్తే జేబులు రెండూ సమానమే. ఆ భుజమే వాలి ఉంది. అయినా కంటికి సమంగా ఉండాలని జేబు విప్పి పావు అంగుళం ఎత్తి కుట్టాను. ఈ రోజు సభకు వచ్చింది, ఎక్కడ కూర్చుందో చెప్పను.

వచ్చే నెల నుంచి రెండో, నాలుగో శనివారాలు ఉదయం పది గంటలకు సంఘం గదిలో నా మిషను పెడతాను. కొలతలు తీసి కాగితం గీసి ఇస్తాను, స్త్రీలకైనా పురుషులకైనా. ఖాకీ కాగితం రెండు షీట్లు, కోరా గుడ్డ రెండు మీటర్లు, నానబెట్టి ఆరేసిన బట్ట ఎవరిది వారు తెచ్చుకోవాలి. విడిగా కొలత ఇవ్వాలనుకునే సోదరీమణులు పదకొండు తరువాత రండి, తలుపు వేసుకుందాం.