పార్లమెంటు చర్చకూ పత్తి చేనుకూ ముడి ఏమిటి?

(అడిక్‌మెట్‌లో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం సమావేశమైన ఈ అడిక్‌మెట్ ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న పేట. ఇక్కడి సందుల్లోనూ, అటు తార్నాకలోనూ గదులు అద్దెకు తీసుకుని చదువుకునే విద్యార్థుల్లో చాలామంది రైతుబిడ్డలు. మీలో కొందరి పిల్లలు కూడా ఇక్కడ ఉండవచ్చు. వారి గది అద్దె, పరీక్ష రుసుము ఎక్కడి నుంచి వస్తున్నవి? ఆదిలాబాదులోనో, వరంగల్లులోనో, నల్లగొండలోనో పత్తి అమ్మిన పైకంలో నుంచి వస్తున్నవి. ఆ పైకం ఎంత అన్నది వాన, పురుగు, ఏనుమాముల మార్కెట్టు తేలుస్తాయని మనం అనుకుంటాము. ఢిల్లీలో వెలువడే ఒక ప్రకటన కూడా దానిని మార్చగలదు. ఈనాడు ఆ సంగతే మీకు మనవి చేయదలచాను.

ముందుగా 2025లో ఏమి జరిగిందో చూద్దాము. ఆ ఏడాది ఆగస్టు 7 నుంచి అమెరికా మన సరుకులపై 25 శాతం అదనపు సుంకం వేసింది. మనం రష్యా నుంచి చమురు కొంటున్నామన్న కారణం చూపి ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం వేసింది. చమురు ఎవరి వద్ద కొనవలెనన్నది విదేశాంగ నీతి. సుంకం వర్తకానికి చెందిన మాట. ఒకదాని కోపం రెండవదానిపై తీర్చుకోవడమన్నమాట! దెబ్బ మొదట తగిలింది ఎవరికి? చమురుతో ఏ సంబంధమూ లేని భీమవరం ప్రాంతపు రొయ్యల రైతుకు. మన రొయ్యకు అమెరికా అతి పెద్ద మార్కెట్టు గదా!

ఈ ముడి కొత్తది కాదు. 1956 ఆగస్టులో కుదిరిన పి.ఎల్. 480 ఒప్పందం కింద అమెరికా గోధుమలు మనకు ఓడలలో వచ్చేవి. 1965, 1966 సంవత్సరాలలో వరుసగా కరువు వచ్చినప్పుడు అధ్యక్షుడు జాన్సన్ ఆ గోధుమలను కొద్దికొద్దిగా మాత్రమే విడుదల చేశారు. వియత్నాం యుద్ధంపై మన దేశం చేసిన విమర్శ ఆయనకు రుచించకపోవడం అందుకొక కారణం. దానికి జవాబు మన పొలాల్లో దొరికింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐ.ఆర్. 8 వరి పండించి చూపించారు. రాజేంద్రనగర్ కేంద్రంగా సాగిన అఖిల భారత వరి పరిశోధన ఫలితంగా 1968లో జయ రకం విడుదలైంది. గాదెలో గింజ ఉన్నవాడే ఎదుటివానితో నిలబడి మాట్లాడగలడు.

ఇక పత్తి సంగతి. విదేశాల నుంచి వచ్చే దూదిపై 2021 ఫిబ్రవరిలో మొత్తం 11 శాతం సుంకం విధించారు. దాని అర్థమేమిటి? రవాణా ఖర్చులు అట్లా ఉంచితే, 100 రూపాయల విదేశీ దూది మిల్లు గుమ్మం చేరేసరికి 111 రూపాయలవుతుంది. సుంకం తీసివేస్తే 100 రూపాయలకే వస్తుంది. అప్పుడు మిల్లు యజమాని మన దూదిని 111తో గాక 100తో పోల్చి బేరం చేస్తాడు. దూది ధర తగ్గితే, జిన్నింగు మిల్లువాడు మన పత్తికి ఇచ్చే ధర కూడా తగ్గుతుంది.

2025 ఆగస్టు 19 నుంచి సెప్టెంబరు 30 వరకు ఈ సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం ఎత్తివేసింది. ఆ నెలల్లో మన చేలల్లో ఇంకా తీత మొదలు కాదు. కాని ఆగస్టు 28న ఆ గడువును డిసెంబరు 31 వరకు పొడిగించారు. తెలంగాణలో పత్తి తీత అక్టోబరులో మొదలవుతుంది. మన మొదటి తీత, రెండవ తీత మార్కెట్టుకు వచ్చే నెలల్లోనే విదేశీ దూదికి సుంకం లేకుండా పోయింది.

మిల్లుల వాదన కూడా వినవలెను. మన దుస్తులకు అమెరికా అతి పెద్ద మార్కెట్టు. అక్కడ సుంకం పెరిగినప్పుడు ఇక్కడ దూది చౌకగా దొరకకపోతే మిల్లు నడవదు. మిల్లు మూతపడితే మన పత్తి కొనేవారే ఉండరు. వస్త్ర పరిశ్రమకు దూది అందుబాటులో ఉంచడానికే సుంకం ఎత్తివేశామని ప్రభుత్వం చెప్పింది. అమెరికాను మెత్తబరచడానికి రైతును బలిపెట్టారని రైతు సంఘాలు విమర్శించాయి. ఈ రెండు మాటలనూ ఎదురెదురుగా పెట్టి తేల్చవలసిన చోటు పార్లమెంటు.

అయితే పార్లమెంటుకు ఈ విషయంలో ఎంత అధికారం ఉన్నదో తెలుసుకోవలెను. మన రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో 14వ అంశం విదేశాలతో ఒప్పందాలు. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం. అంకె ఒక్కటే గాని చేతులు వేరు. పంట రాష్ట్రానిది, ఒప్పందం కేంద్రానిది. సంతకానికి ముందు పార్లమెంటు అనుమతి పొందవలెనన్న నియమం లేదు. సుంకం మినహాయింపును కూడా 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం ప్రభుత్వం ఒక్క ప్రకటనతో ఇవ్వవచ్చును. ఆ తరువాత ఆ ప్రకటనను సభల ముందుంచుతారు.

అట్లయితే చర్చ వల్ల ప్రయోజనమేమిటని మీరు అడగవచ్చును. ప్రయోజనమున్నది. సభలో అడిగినదానికి మంత్రి జవాబు చెప్పక తప్పదు. చెప్పిన మాట అచ్చులో నిలిచిపోతుంది. 2025 జూలై 31న వాణిజ్యమంత్రి పీయూష్ గోయల్ అమెరికా సుంకంపై ఉభయ సభల్లో ప్రకటన చేశారు. దానికి మూడు రోజుల ముందు విదేశాంగమంత్రి జైశంకర్ లోక్‌సభలో మాట్లాడుతూ, పాకిస్తానుతో కాల్పుల విరమణకూ అమెరికాతో వర్తకానికీ ఏ దశలోనూ ముడి లేదని చెప్పారు. ఆ మాటలు రికార్డులో ఉన్నవి. రేపు ఎవరైనా వాటిని పట్టుకుని నిలదీయవచ్చును.

కాని ఆ సమావేశాల్లో లోక్‌సభకు 120 గంటల చర్చ అనుకుంటే జరిగినది 37 గంటలు. నోటితో జవాబు చెప్పవలసిన ప్రశ్నలు 419 ఉంటే, 55 మాత్రమే సభలో జవాబుకు నోచుకున్నవి. తప్పు ఏ పక్షానిదో ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. నష్టం మాత్రం మనది. ఇంకొక సంగతి గమనించండి. ఆ సమావేశాలు ఆగస్టు 21న ముగిశాయి. సుంకం గడువు పొడిగించినది 28న. మళ్ళీ సభ కూడినది డిసెంబరు 1న. అప్పటికి మొదటి తీత చాలామంది చేతులు దాటిపోయింది. పంట అమ్మిన తరువాత వచ్చే జవాబు వడ్లు ఎండిన తరువాత వచ్చిన కాలువ నీటివంటిది.

కాబట్టి మనం ఏమి చెయ్యవలెను? అడగవలసిన ప్రశ్న విత్తనం వేసేనాడే అడగవలెను. వానాకాలపు పార్లమెంటు సమావేశాలు సాధారణంగా జూలైలో మొదలవుతాయి. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వవలసి ఉన్నది. అందువల్ల జూన్ నెలలోనే మీ గ్రామ రైతులు పదిమంది కూడి, మీ లోక్‌సభ సభ్యునికి ఉత్తరం వ్రాయండి. తెలంగాణకు 17 మంది, ఆంధ్రప్రదేశ్‌కు 25 మంది లోక్‌సభ సభ్యులున్నారు. “రైతును ఆదుకోండి” అని వ్రాస్తే అది కోర్కె మాత్రమే. “అక్టోబరు నుంచి జనవరి వరకు, పత్తి తీత నెలల్లో, దిగుమతి సుంకం తగ్గించే ఆలోచన ప్రభుత్వానికి ఉన్నదా? ఉంటే రైతుకు కలిగే నష్టానికి ఏర్పాటేమిటి?” అని వ్రాస్తే అది ప్రశ్న. ఆచార్య ఎన్.జి. రంగాగారు నిడుబ్రోలు నుంచి వెళ్ళి దశాబ్దాల తరబడి పార్లమెంటులో రైతు తరఫున మాట్లాడారు. అటువంటివారు ఎప్పుడూ దొరకరు. దొరికిన సభ్యుని చేతికే మనం పదునైన ప్రశ్న ఇవ్వవలెను.

మన చేతిలో ఉన్న పని కూడా మరువరాదు. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. మార్కెట్టు పడిపోయినప్పుడు భారత పత్తి సంస్థే దిక్కు. అయితే తేమ 8 శాతం లోపు ఉంటేనే పూర్తి ధర. 12 శాతం దాటితే సంస్థ కొనదు. కాబట్టి మంచు ఆరిన తరువాతనే పత్తి తీయండి. ఎండలో పలుచగా పరచి ఆరబెట్టండి. వానకు తడిసిన పత్తిని మంచి పత్తిలో కలపకండి. పచ్చి పత్తితో పోయినవానికి మద్దతు ధర ఉండీ లేనట్టే.

దేశాల తగాదాలు మనం తీర్చగలిగినవి కావు. వాటి బరువు ఎవరిపై, ఏ నెలలో పడుతున్నదో అడిగే హక్కు మాత్రం మనది. ఈ వానాకాలం విత్తనం కొనడానికి వెళ్ళిననాడే ఒక కార్డు కూడా కొనండి. విత్తనం చేనుకు, కార్డు ఢిల్లీకి.