లదేణి నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా
(సేవాలాల్ మహారాజ్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం 'మన తండాలు – పరిశ్రమలు – ఉపాధి'. హాస్టల్ వార్డెన్‌కు ఈ అంశం ఎందుకిచ్చారో అని మొదట అనుకున్నాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మనం మొదటి నుంచీ కూలోళ్లం కాదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన లదేణి మనది. 1871లో మద్రాసు రైలు, బొంబాయి రైలు రాయచూరు దగ్గర కలిశాయి. మన గుత్తి మీదుగా పోయే లైను అదే. ఎద్దుల మంద నెలల తరబడి మోసే సరుకు రైలుపెట్టెలో రోజుల్లో చేరిపోయింది. మనం గుట్టల కింద, గట్టి నేలల్లో నిలిచిపోయాం. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బెంగళూరులో బేల్దారి పని.

అయినా ఆడవాళ్ల చేతిలో ఒక పని మిగిలింది, కుట్టు. మా యాడి పెళ్లికి ముందు కుట్టుకున్న పేటియా, కాంచళి నా పెట్టెలో ఉన్నాయి. అద్దం చుట్టూ దారం ఎలా బిగించిందో గానీ ఇప్పటికీ ఒక్కటీ ఊడలేదు. ఇప్పుడు సంతలో అదే డిజైను అచ్చు వేసిన గుడ్డ, ప్లాస్టిక్ అద్దాలు అంటించి అమ్ముతున్నారు. కొంటున్నదెవరు? మనమే, మన పెళ్లిళ్లకే. ధర్మవరం నేతన్నల బాధా ఇదే. మగ్గం మీద రోజుల తరబడి నేసిన చీర డిజైను మరమగ్గం మీద గంటల్లో దిగుతుంది. వాళ్లకు కొన్ని రకాలైనా చేనేతకే అని 1985లో చట్టం వచ్చింది. మన కుట్టుకు ఆ పాటి కాగితం కూడా లేదు.

దారి లేదని కాదు. రాయదుర్గం దాటితే బళ్ళారి, ఆ పక్కన సండూరు. అక్కడి లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశం జరిగినప్పుడు అక్కడి 450 మందికి పైగా ఆడవాళ్లు కుట్టిన 1755 ముక్కలను ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డయింది. అదే చేతి కుట్టు, అదే జాతి. వాళ్లకు ఒక సంఘం, ఒక లెక్క, ఒక గుర్తు ఉన్నాయి. మనకు లేవు.

కానీ కుట్టుతోనే తండా అంతా బతుకుతుందని చెబితే మీకు అబద్ధం చెప్పినట్టే. రాయదుర్గం జీన్స్ యూనిట్లలో మన అమ్మాయిలు కుడుతున్నారు, ముక్కకు ఇంత అని. ఆర్డరు తగ్గితే ఆ కూలీ లేదు. ఇక పెద్ద ఫ్యాక్టరీ సంగతి. 2017లో ఒప్పందమైంది, 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల కర్మాగారం. మన కరువు నేల మీద ఇంత పెద్దది వస్తుందని మా బాపు తరం కలలో కూడా అనుకోలేదు. అదే 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని రాష్ట్రం చట్టం చేసింది. నైపుణ్యం ఉన్నవాళ్లు దొరక్కపోతే మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలని కూడా అందులో రాశారు. అయితే స్థానికులంటే ఎస్టీలని కాదు. ప్రైవేటు కంపెనీలో మనకు రోస్టర్ ఉండదు. కారుకు వెల్డింగు రోబో చేస్తుంది. ఆ రోబోను చూసుకోవడానికి డిప్లొమా పిల్లలు కావాలి, ఐటీఐ పిల్లలు కావాలి. ఊడ్చడానికీ, తోట పనికీ, గేటు దగ్గర నిలబడడానికీ కాంట్రాక్టరు మన వాళ్లను ఎప్పుడైనా పిలుస్తాడు. ఉప్పు మోసిన కాలంలో కనీసం ఎద్దులు మనవి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. మా హాస్టల్లో చదివిన ఒక అమ్మాయి, పేరు చెప్పను, పాలిటెక్నిక్ పూర్తి చేసింది. ఒక కంపెనీ ఇంటర్వ్యూలో నెగ్గింది. చేరే రోజు కాగితాలు చూశారు. ఆధార్‌లో ఇంటిపేరు లేదు, చివర 'బాయి' ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఉంది, 'బాయి' లేదు. పుట్టిన తేదీ కూడా వేరే. సరిచేసుకుని రమ్మన్నారు. ఆధార్ సెంటరు, మీసేవ, తహశీల్దారు ఆఫీసు తిరిగి వచ్చేసరికి ఆ బ్యాచి నిండిపోయింది. ఆ పిల్లను ఆరో తరగతిలో చేర్చినప్పుడు ఫారం నింపింది నేనే. వాళ్ల నాన్న చెప్పిన తేదీ వేశాను, ఆధార్ అడగలేదు. ఇప్పుడు ఆ పిల్ల బెంగళూరులో వాళ్ల అమ్మానాన్నల దగ్గరే ఉంది, బేల్దారి పనిలో. ఫోన్ చేస్తే "బాగున్నా మేడమ్" అంటుంది.

అప్పటి నుంచి తొమ్మిదో తరగతిలోనే ప్రతి పిల్ల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. పేరు, ఇంటిపేరు, తేదీ, కులం. పదో తరగతి నామినల్ రోల్ పోకముందే దిద్దితే సులువు. పోయాక దిద్దాలంటే చెప్పులరుగుతాయి. ఒక్క హాస్టల్లో నేను చేయగలను. జిల్లాలో తండాలన్నీ నేను తిరగలేను. సంఘం తిరగాలి. వచ్చే జూన్‌లో బడులు తెరిచే వారంలో ఒక్కో తండాకు ఇద్దరు చదువుకున్న పిల్లల్ని పంపండి. చూడాల్సినవి ఏమిటో ఒక పేజీ రాసి నేనిస్తాను.

ఇంకొకటి. మా హాస్టల్లో కుట్టు మెషిన్లు రెండు, ఒకటి మోటారు కాలిపోయి మూల పడి ఉంది. దాన్ని బాగు చేయిస్తే ఆదివారాలు కుట్టు నేర్పడానికి పక్క తండా నుంచి ఇద్దరు యాడీలు వస్తామన్నారు. కూలి డబ్బులు అడగలేదు, ఆటో చార్జీ ఇస్తే చాలన్నారు. సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను, వచ్చి మాట్లాడండి.

జై సేవాలాల్.