పిల్లల పరీక్షకు ముందు మన పరీక్ష
(జగిత్యాలలో ఉర్దూ మాధ్యమ, ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముందుగా ఒక సంతోషకరమైన విషయాన్ని గుర్తు చేసుకుందాం. పదవ తరగతి ఫలితాలలో జగిత్యాల జిల్లా 2017, 2018, 2019 సంవత్సరాలలో వరుసగా రాష్ట్రంలో ప్రథమ స్థానం పొందింది. 2019లో ఉత్తీర్ణత 99.73 శాతం. ఆ గౌరవం ఇక్కడి ఉపాధ్యాయుల కష్టార్జితం. అయితే జిల్లా సగటులో ఉర్దూ మాధ్యమం విడిగా కనిపించదు. ఎందరు ఉత్తీర్ణులయ్యారో ఆ సంఖ్య చెబుతుంది గాని, గణితంలో అంచు మార్కులతో గట్టెక్కినవారు ఎందరో, వారిలో ఇంటర్మీడియట్ చివరి వరకు నిలిచినవారు ఎందరో చెప్పదు. ఈనాడు మనం మాట్లాడవలసింది ఆ పిల్లల గురించే.

పరీక్ష స్వరూపం పదేళ్లుగా మారుతూనే ఉంది. 2014-15 విద్యా సంవత్సరంలో పదవ తరగతికి నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. రాత పరీక్షకు 80 మార్కులు, పాఠశాలలో ఇచ్చే అంతర్గత మార్కులు 20 అయ్యాయి. పాఠం చివరి ప్రశ్నలను యథాతథంగా అడగడం తగ్గి, ఆలోచించి సొంత మాటల్లో రాయవలసిన ప్రశ్నలు పెరిగాయి. 11 పేపర్లు ఉండే పరీక్ష కరోనా తరువాత 6 పేపర్లకు కుదించబడింది. 2024 నవంబరులో ప్రభుత్వం అంతర్గత మార్కులను ఎత్తివేసి, 100 మార్కులకూ రాత పరీక్షే ఉంటుందని ప్రకటించింది. వెంటనే దానిని మరుసటి ఏడాదికి వాయిదా వేసింది. తరువాత 2025-26లోనూ 80-20 విధానమే కొనసాగుతుందని నిర్ణయించింది. మార్పు ఆగిందని కొందరు ఊపిరి పీల్చుకున్నారు. మా దృష్టిలో అది ఆగడం కాదు, మనకు దొరికిన గడువు. నేడు కాకపోతే రేపు ఆ మార్పు రానే వస్తుందని భావించి సిద్ధం కావడమే వివేకం.

ఇక్కడ మన లోపాన్ని మనమే ఒప్పుకోవాలి. ఆ 20 మార్కులకు నాలుగు భాగాలున్నాయి: పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. ఒక్కొక్కదానికి 5 మార్కులు. పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో ఉపాధ్యాయుడు ముందుగానే కనిపెట్టడం దాని ఉద్దేశం. మనం చేసిందేమిటి? ఒకే ప్రాజెక్టును నలభై మంది చేత ఎత్తిరాయించి, అందరికీ 19, 20 వేశాము. అది పిల్లలపై దయ అనుకున్నాము. కరోనా వల్ల 2020లో పరీక్షలు మధ్యలో ఆగి, 2021లో పూర్తిగా రద్దయి, అంతర్గత మార్కుల ఆధారంగానే ఫలితాలు ఇచ్చినప్పుడు ఆ దయ మేలు చేసినట్లే కనిపించింది. కాని కళాశాలలో భౌతికశాస్త్రం పుస్తకం తెరిచిన మొదటి వారంలోనే ఆ పిల్లలకు అసలు సంగతి తెలిసిపోయింది. లోపాన్ని దాచిపెట్టిన మార్కు పిల్లవాడికి ఉపకారం చేయదు.

అందుచేత పరీక్ష కఠినం కావడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. నిజాయితీగల పరీక్ష బీద ఇంటి బిడ్డకు అండ. సిఫారసు లేనివాడికి మార్కుల పత్రమే సిఫారసు. ఉపాధ్యాయుడిని సిద్ధం చేయకుండా పరీక్షను మాత్రమే కఠినం చేయడం మా అభ్యంతరం. అప్పుడు శిక్ష పడేది విధానం రూపొందించినవారికి కాదు, కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి బిడ్డకు, సిరిసిల్లలో మరమగ్గం నడిపే తండ్రి బిడ్డకు, గల్ఫ్‌లో ఉన్న నాన్నను రెండేళ్లకొకసారి చూసే బిడ్డకు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు పట్టణాలలోనూ ఉపాధ్యాయులతో కూర్చున్నప్పుడు ఒక లెక్కను ముందుంచాము. అమ్మ, పిన్ని కలిసి ఒక రోజులో 1,000 బీడీలు చుట్టారు. అమ్మ చుట్టినవి పిన్ని చుట్టినవాటి కంటే 200 ఎక్కువ. ఎవరు ఎన్ని చుట్టారు? రెండు సమీకరణాలు రాసి ఇస్తే మన పిల్లలు నిమిషంలో 600, 400 అని తేల్చేస్తారు. అదే వాక్య రూపంలో ఇస్తే కలం ఆగిపోతుంది. లోపం గణితంలో లేదు, వాక్యం నుండి సమీకరణానికి నడిచే దారిలో ఉంది. మన పిల్లవాడు ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, వీధిలో తెలుగు మాట్లాడతాడు, పుస్తకంలో ‘ముసావాత్’ అనే గ్రాంథిక ఉర్దూ పదాన్ని చదువుతాడు. ఈ మూడింటి మధ్య వంతెన వేయవలసింది ఉపాధ్యాయుడే. గణిత పాఠ్యపుస్తకం సమస్యా సాధనతో పాటు కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం అనే ప్రమాణాలను కూడా కోరుతున్నది. మనం బోధనలో మొదటిదాని వద్దనే ఆగిపోతున్నాము.

కాబట్టి ఈ ఏడాది నాలుగు పనులు చేద్దాం.

మొదటిది, ప్రతి పాఠానికి గైడులో లేని మూడు ప్రశ్నలను ఉపాధ్యాయుడే తయారు చేయాలి. వాటిలో ఒకటి పిల్లవాడి ఇంటి నుండి, పనిపాటల నుండి రావాలి. జవాబును ముందు దక్కనీలో చెప్పించి, తరువాత పుస్తక భాషలో రాయించాలి.

రెండవది, మూడు పట్టణాల మధ్య జవాబు పత్రాలను మార్చుకొని దిద్దుకుందాం. జగిత్యాల పత్రాలను సిరిసిల్లవారు, సిరిసిల్ల పత్రాలను కోరుట్లవారు, కోరుట్ల పత్రాలను జగిత్యాలవారు చూడాలి. తెలియని చేయి దిద్దినప్పుడే అసలు మార్కు బయటపడుతుంది.

మూడవది, అంతర్గత మార్కులను అసలు ఉద్దేశంతోనే ఉపయోగిద్దాం. 8 రావలసిన పిల్లవాడికి 8 వేసి, ఆ సంగతి తల్లికి చెప్పి, తరువాతి మదింపు నాటికి 14కు తెచ్చే బాధ్యతను మనమే తీసుకుందాం.

నాలుగవది, ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులను వేరుగా చూడవద్దు. కొద్దిపాటి జీతానికి పనిచేసే మన ఆడపడుచులు అక్కడ ఎందరో ఉన్నారు. ప్రభుత్వ శిక్షణ వారి గడప దాకా రాదు. శిక్షణ పొందిన ప్రభుత్వ, మైనారిటీ గురుకుల ఉపాధ్యాయులు నెలకొక ఆదివారం వారితో కూర్చోవాలి.

మన బాధ్యత చెప్పుకున్న తరువాత హక్కు అడగడానికి మనకు నోరు ఉంటుంది. ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయ ఖాళీలను నింపాలి. ఎస్సీ, ఎస్టీ రోస్టరులో పడి, ఉర్దూ అభ్యర్థులు దొరకక ఏళ్ల తరబడి మిగిలిపోతున్న పోస్టులకు, ఆ వర్గాల హక్కుకు భంగం కలగకుండా, పరిష్కారం చూపాలి. శిక్షణ సామగ్రి తెలుగు, ఇంగ్లీషులతో పాటు అదే రోజు ఉర్దూలోనూ అందాలి. ప్రశ్నపత్రం అనువాదాన్ని తరగతి గదిలో బోధించేవారు సరిచూడాలి. 2017 నుండి రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా ఉన్న ఉర్దూకు ఇది కోరరాని కోరిక కాదు. మాతృభాషలో ప్రాథమిక బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతూనే ఉన్నది.

ఇక ఉపాధ్యాయుల సొంత పరీక్ష. 2025 సెప్టెంబరు 1న అంజుమన్ ఇషాఅతె తాలీమ్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలినవారు రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలి. అయిదేళ్ల లోపు ఉన్నవారు టెట్ లేకుండా కొనసాగవచ్చు గాని, పదోన్నతి ఉండదు. మైనారిటీ సంస్థలకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించారు. ఆ విచారణలో మన హక్కును మనం నిలబెట్టుకోవాలి. అంతవరకు మన పాఠశాలల ఉపాధ్యాయులు చేతులు ముడుచుకొని కూర్చోవాలని మాత్రం మేము చెప్పలేము. టెట్ మొత్తం 150 మార్కులకు; బీసీలకు 75 వస్తే చాలు, బీసీ-ఇ వారికీ ఇదే వర్తిస్తుంది. మొదటి భాషగా ఉర్దూను ఎంచుకొనే వీలు కూడా ఉన్నది. 30వ అధికరణం మనకు పాఠశాల నడుపుకొనే హక్కు ఇచ్చింది. దానిని బలహీనంగా నడుపుకొనే హక్కుగా మనం మార్చుకోరాదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. రాత్రి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, ‘ఈ రోజు లెక్క నాకు అర్థమయ్యేలా చెప్పు’ అని అడగండి. చెప్పగలిగితే అది వచ్చినట్లు. చెప్పలేకపోతే మరునాడు ఉపాధ్యాయుడి వద్దకు రండి. మమ్మల్ని నిలదీయండి. ఆ నిలదీతకు మేము జవాబు చెప్పగలగాలి. పిల్లల పరీక్షకు ముందు మేము రాయవలసిన పరీక్ష అదే.